పెంచలమ్మ మెస్సులో జపాను ఆట

సూళ్ళూరుపేట దాటి తడకి పోయే దారిలో, పొలాలు పోయి ఫ్యాక్టరీలు లేచిన చోట, పెంచలమ్మ మెస్సంటే తెలియనివాళ్ళు లేరు. తెలివంటే ఏమిటో తెలియాలంటే ఆ ఇంటికే పోవాలని ఆ ఇంట్లోవాళ్ళే చెప్పేవాళ్ళు. వేరే ఎవరూ చెప్పలేదు కాబట్టి వాళ్ళే చెప్పుకోవాల్సి వచ్చింది పాపం.

ఇంట్లో ఉండేది ముగ్గురు. పెద్దది పెంచలమ్మ. ఆమె పెద్ద తమ్ముడు చెంగల్రాయుడు, చిన్న తమ్ముడు మస్తానయ్య. ఇద్దరు తమ్ముళ్ళకీ పెళ్ళిళ్ళు కాలేదు. మా తెలివికి తగిన పిల్లలు దొరకలేదని పెంచలమ్మ అనేది. నిజం చెప్పాలంటే తగిన పిల్లలు దొరక్కపోవడం ఆ పిల్లల అదృష్టం.

వాళ్ళ తెలివి ఎలాంటిదంటే, ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోకుండా చేస్తారు. ఒకసారి కరెంటు ఆఫీసు మనిషి వచ్చి, "ఈ మెయిన్ బోర్డు మీద ఎవరూ చెయ్యి పెట్టకుండా చూస్తుండండి" అని చెప్పిపోయాడు. అంతే, చెంగల్రాయుడు స్టూలు వేసుకుని బోర్డు ముందు కూర్చుని మూడు రోజులు చూశాడు. అన్నం కూడా అక్కడే. మూడు రోజుల్లో ఒక్క మనిషి చెయ్యి పెట్టలేదు. "మా చెంగడు కూర్చున్నాక ఎవడి గుండె ఉండాది చెయ్యి పెట్టేదానికి!" అని పెంచలమ్మ వీధంతా చెప్పుకుంది. ఆమె మాత్రం తక్కువా? ఉసిరికాయ పచ్చడి ఏడాదైనా చెడదని ఎవరో అంటే, ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి జాడీ మూత ఏడాది దాకా తియ్యలేదు. తీశాక ఆ వీధివాళ్ళు రెండు రోజులు కిటికీలు మూసుకున్నారు.

పెంచలమ్మ మొగుడు పోయాక బతుకుతెరువుకని పెట్టిన మెస్సు అది. ఫ్యాక్టరీలో పనిచేసే జపాను వాళ్ళు నలుగురు అక్కడే గదులు తీసుకుని, అక్కడే తినేవాళ్ళు. వాళ్ళలో ముగ్గురు పని అయిపోయి వాళ్ళ దేశం వెళ్ళిపోయారు. ఇక మిగిలింది మోరివాకి సారు ఒక్కడు. ఆయన కూడా పోతే మెస్సు మూసెయ్యాలి. మెస్సు మూస్తే పెంచలమ్మ నాయుడుపేటలో బావగారింటికి పోయి పడుండాలి. ఆ ఇంట్లో కాఫీ తాగాలన్నా తోడికోడలు మొహం చూసి తాగాలి. తన చేత్తో వండి, తన వాకిట్లో నిలబడి, "ఇంకొంచెం వేసుకోండి సారూ" అనడం కన్నా ఆమె ఈ లోకంలో కోరుకున్నది ఏదీ లేదు.

మోరివాకి సారు మంచివాడు. యాభై ఏళ్ళుంటాయి. రసం గిన్నెతో తాగేస్తాడు. అన్నం, చాలు, వద్దు, బాగుంది, అమ్మా, ఇల్లు, ఇలా ఓ పది తెలుగు మాటలు వచ్చు. ఆయనకి ఉన్న దిగులు ఒక్కటే. వాళ్ళ దేశంలో మాజాంగ్ అని ఒక ఆట ఉంది. దానికి నలుగురు కావాలి. ముగ్గురు స్నేహితులూ వెళ్ళిపోయాక ఆయన సాయంత్రాలు గది తలుపేసుకుని, ఆట డబ్బా తెరిచి, లోపలి ముక్కలన్నీ గుడ్డతో తుడిచి, మళ్ళీ డబ్బా మూసేవాడు. లోపల ఏముందో ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఒక శనివారం ఆయన ఫ్యాక్టరీలో దుబాసీ పనిచేసే దాక్షాయణిని వెంటబెట్టుకొచ్చి, చెప్పాల్సింది ఆమె చేత చెప్పించాడు.

"పెంచలమ్మ గారూ, సారు ఎనిమిది రోజులు బెంగుళూరు పోతున్నారు. చెన్నైలో ఈ ఆట ఆడేవాళ్ళు చాలామంది ఉన్నారంట, అక్కడికి మకాం మార్చెయ్యమని పిలుస్తున్నారు. సారుకి మాత్రం మీ రసం వదిలిపోవాలని లేదు. మీరు ముగ్గురూ ఆట నేర్చుకుంటే సారుతో కలిపి నలుగురు అవుతారు. అప్పుడు ఇక్కడే ఉండిపోతారంట. వచ్చే ఆదివారం వస్తారు."

పెంచలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "నేర్చుకోకేం తల్లీ! మా ఇంట్లో తెలివికేం తక్కువ?"

దాక్షాయణి ఒక కాగితం ఇచ్చింది. "ఇందులో ఆటలో వాడే జపాను మాటలు, వాటి అర్థాలు ఉన్నాయి. నాకు ఆట రాదు. మాటకి అర్థం మాత్రం ఉన్నదున్నట్టు రాశాను. సారు వచ్చి నేర్పిస్తారు, మీరు ఒకసారి చూసుకుని ఉండండి చాలు."

సారు డబ్బా చంకన పెట్టుకుని బెంగుళూరు వెళ్ళిపోయాడు. ఇంట్లో కాగితం మిగిలింది. ఇంకేముంది, ముగ్గురూ దాని చుట్టూ చేరారు. కాగితం చదివి ఊరుకునేవాళ్ళు వేరే ఉంటారు. వీళ్ళు చేసి చూపించేవాళ్ళు.

మొదటి మాట చెంగల్రాయుడు చదివాడు. "ఆడేవాళ్ళు నలుగురూ నాలుగు గాలులు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. తూర్పు గాలే పెద్ద."

"పెద్దదాన్ని నేనే గదా. తూర్పు నాది" అంది పెంచలమ్మ. "దక్షిణం నువ్వు తీసుకో చెంగా. పడమర మస్తానుకి. ఉత్తరం సారుకి అట్టిపెడదాం."

"గాలంటే దాని దిక్కు నుంచే రావాల గదక్కా" అన్నాడు మస్తానయ్య. ఎంత ఆలోచన!

పెంచలమ్మకి ఇబ్బంది లేదు, వీధి తలుపు తూర్పునే ఉంది. చెంగల్రాయుడికి దక్షిణాన వంటింటి కిటికీ ఉంది, కమ్మీలు లేని కిటికీ. వాడు ఆదివారం పొద్దున్నుంచి దాంట్లోంచే రావడం, దాంట్లోంచే పోవడం. రెండుసార్లు పప్పు గిన్నెలో కాలు పెట్టాడు. పడమర వైపు మాత్రం కిటికీ లేదు, తలుపు లేదు. మోరివాకి సారు స్నానాల గది గోడ ఒక్కటే ఉంది. మస్తానయ్య పొద్దున బయటికి పోయినవాడు మళ్ళీ లోపలికి వచ్చే దారి లేక, సాయంత్రం దాకా ఆ గోడకి ఆనుకుని ఎండలో నిలబడ్డాడు. పెంచలమ్మ అన్నం ముద్దలు చేసి ఇంటి మీదుగా విసిరితే పట్టుకుని తిన్నాడు.

సాయంత్రం చెంగల్రాయుడు కాగితంలో రెండో మాట చదివాడు. "ముందు అందరూ గోడ కట్టాల. ఒక్కొక్కరి ముందర పదిహేడు, రెండు వరసలు. కట్టినాక గోడ పగలగొట్టాల."

పెంచలమ్మ వేళ్ళు మడిచి లెక్కేసింది. చెంగల్రాయుడు వేళ్ళు కూడా మడిపించింది. నలుగురికీ కలిపి నూట ముప్పయ్యారు ఇటుకలు తేలాయి. ఇంట్లో ఒక్క ఇటుక లేదు.

"గోడ కట్టమన్నారు, పగలగొట్టమన్నారు. ఇటుకల్లేకుండా ఎట్ట కట్టేది?" అంది పెంచలమ్మ.

గోడ అవతల నుంచి మస్తానయ్య గొంతు వినబడింది. "అక్కా, ముందు పగలగొడితే ఇటుకలు వస్తాయి గదా. వాటితో కడదాం. నాకు దారి కూడా అవతాది."

పెంచలమ్మకి ఒళ్ళు పులకరించింది. ఒక్క దెబ్బకి మూడు పనులు! ఇలాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడు? అంతే, గునపం తీసుకొచ్చారు. చీకటి పడకముందే సారు స్నానాల గది పడమటి గోడ నేలమీదుంది, మస్తానయ్య ఇంట్లో ఉన్నాడు, ముందు గదిలో నాలుగు పక్కలా బురదతో అతికించిన ఇటుకల వరసలు ఉన్నాయి. చూడటానికి ముచ్చటగా, ఎడ్లకి కట్టిన తొట్టిలా ఉంది. ముగ్గురూ దాని మధ్యలో కూర్చుని ఒకరినొకరు మెచ్చుకున్నారు.

సోమవారం మూడో మాట. "వంతు వచ్చినోడు గోడలోంచి ఒకటి తీసుకోవాల, అక్కర్లేనిది ఒకటి పారెయ్యాల."

పెంచలమ్మ ఒక ఇటుక ఊడదీసింది, చూసింది, అక్కర్లేదనుకుని కిటికీలోంచి పారేసింది. చెంగల్రాయుడు ఒకటి తీసి పారేశాడు. మస్తానయ్యకి భుజబలం ఎక్కువ. వాడు పారేసిన ఇటుక ప్రహరీ దాటి, పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు కోటంరాజు గారి గులాబీ కుండీని రెండు ముక్కలు చేసింది.

మాస్టారు మండిపడుతూ వచ్చాడు. ఎంత కోపంలో ఉన్నా ఒకరి ఇంట్లోకి చెప్పులతో పోయే మనిషి కాదు. చెప్పులు వాకిట్లో విడిచి, లోపలికొచ్చి, "మీకు బుద్ధుందా? తలమీద పడుంటే నేనేమైపోవాలి?" అని అరిచాడు.

"కోప్పడబాకండి మేస్టారూ, ఆడుకుంటుండాం" అంది పెంచలమ్మ.

"ఇటుకలతోనా?"

"మరి గోడ దేంతో కడతారు మేస్టారూ?" అని జాలిగా అడిగింది ఆమె. ఇంత చదువుకున్న మనిషికి ఈమాత్రం తెలియకపోవడం ఆమెకి నిజంగానే బాధేసింది.

ఈలోగా మస్తానయ్య వాకిట్లో నిలబడి కాగితంలో నాలుగో మాట చదువుతున్నాడు. పోన్ అంటే, ఒకేరకానివి రెండు నీ దగ్గరుండి, మూడోది ఇంకెవరైనా వదిలేస్తే, పోన్ అని అరిచి తీసేసుకోవచ్చు. వాడు తన కాళ్ళవైపు చూసుకున్నాడు. నీలం పట్టీల రబ్బరు చెప్పులు, రెండు. మాస్టారు వదిలేసినవి కూడా నీలం పట్టీలవే.

"పోన్!" అని వీధి అదిరిపోయేలా అరిచి, ఒక చెప్పు చంకలో పెట్టుకున్నాడు.

మాస్టారు గుండె పట్టుకుని బయటికొచ్చాడు. తిట్టాడు, బతిమాలాడు, లాగాడు. మస్తానయ్య వదల్లేదు. ఆయన చివరికి ఒంటి చెప్పుతో, రెండో కాలు ఎండలో కాలుతుంటే ఎగురుకుంటూ ఇంటికి పోయాడు.

"ఒకటే తీసుకున్నావేందిరా? రెండూ తీసుకోకపోయినావా?" అంది పెంచలమ్మ.

"నాలుగు చేరితే దానికి పేరు వేరే ఉండాదక్కా. అది కాగితం వెనకవైపు రాసుండాది. ఇంకా చదవలా."

అవసరానికి మించి ఆశపడని తమ్ముడు. పెంచలమ్మ వాడికి ఆ పూట రెండు అప్పడాలు ఎక్కువ వేసింది.

మంగళవారం కాగితం వెనక్కి తిప్పారు. అక్కడ పైనే, కింద గీత గీసి మరీ రాసి ఉంది. "సముద్రం అడుగు నుంచి చంద్రుణ్ణి తోడుట. ఇది చేసినవాడు గెలిచినట్టే."

ఇదీ అసలు పరీక్ష అని ముగ్గురికీ అర్థమైంది.

"ఇది చేసి చూపిస్తే సారు ఇంకేడికీ పోడు" అంది పెంచలమ్మ మెల్లగా.

"రేత్రి పోదామా అక్కా?" అన్నాడు చెంగల్రాయుడు.

"నీకు మతి ఉండాదా? రేత్రి చంద్రుడు పైనుంటాడు. పగలు గదా కిందుండేది!"

ఎంత నిజం! చెంగల్రాయుడు సిగ్గుపడ్డాడు. బుధవారం పొద్దున్నే తమ్ముళ్ళిద్దరూ బొక్కెన, చాంతాడు పట్టుకుని బయల్దేరారు. పులికాట్ సరస్సు దగ్గరే ఉంది కానీ, కాగితంలో సముద్రమని ఉంది, సరస్సని లేదు. అందుకని వాకాడు మీదుగా రెండు బస్సులు మారి తూపిలిపాళెం సముద్రానికి పోయారు. ఒక పెద్దాయన వల బాగుచేసుకుంటుంటే, అతని పడవ అడిగారు.

"ఏం పట్టేదానికి?"

"చంద్రుణ్ణి" అన్నాడు మస్తానయ్య.

పెద్దాయన సూది ఆపి ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. ఇలాంటివాళ్ళని ఎదిరించకూడదని అతనికి అనుభవం కాబోలు. "కొంచెం ఆ పక్కకి పోయి తోడుకోండి నాయనా, నా వల తొక్కబాకండి" అన్నాడు.

మొలలోతు నీళ్ళలో దిగి బొక్కెన వేశారు. మొదటిసారి ఇసుక వచ్చింది. రెండోసారి ఒక పీత వచ్చి చెంగల్రాయుడి వేలు పట్టుకుంది. పదిహేనోసారి బొక్కెనలోకి చూస్తే గుండ్రంగా, తెల్లగా, మెత్తగా, తళతళలాడుతూ ఒకటి కదులుతోంది. మస్తానయ్య చెయ్యి పెట్టాడు. చెయ్యి భగ్గుమంది.

"అన్నా, మండిపోతుండాది! చంద్రుడు చల్లగుంటాడంటారే?"

"పగలంతా ఎండలో కాగినాడు గదరా, సల్లబడనీ" అన్నాడు చెంగల్రాయుడు.

బొక్కెన మీద తుండుగుడ్డ కప్పి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. ఇంటికొచ్చేసరికి పొద్దుగుంకింది. పెంచలమ్మ హారతి ఇచ్చి, చంద్రుణ్ణి స్టీలు బిందెలో పోసి, పైకి చూసింది. ఆకాశంలో చంద్రుడు లేడు. బిందెలో ఉన్నది జెల్లీచేప అనీ, ఆవేళ అమావాస్య అనీ మీకూ నాకూ తెలుసు. వాళ్ళు క్యాలెండరు చూసే రకం కాదు.

ఇంకేముంది, పెంచలమ్మ హారతి పళ్ళెం కింద పెట్టి చెంపలేసుకుంది. "ఒరే, నిజంగానే తెచ్చేసినారు గదరా! లోకమంతా చీకటి చేసినామే! పాపం తగులుతాదేమో!"

"ఆదివారం దాకా దాచి, సారుకి చూపించి మళ్ళా వదిలేద్దాం లేక్కా" అని ధైర్యం చెప్పాడు మస్తానయ్య, చేతికి కొబ్బరినూనె రాసుకుంటూ.

గురువారం పొద్దున చూస్తే బిందెలో నీచు వాసన కొట్టే నీళ్ళు తప్ప ఏమీ లేదు. చంద్రుడు కరిగిపోయాడు. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు. పెంచలమ్మ నిజంగానే ఏడ్చింది. లోకానికి ఏం జవాబు చెప్పాలి? ఎవరైనా పైకి చూసి, "చంద్రుడేడీ?" అని అడిగితే? శుక్రవారం సాయంత్రం పడమటి వైపు, గోడ లేని స్నానాల గదిలోంచి చెంగల్రాయుడు పెద్ద కేక పెట్టాడు. ఆకాశంలో గోరంత వంక.

"మొలిచినాడక్కా! మళ్ళా మొలిచినాడు!"

బిందెలో నీళ్ళు పారబోసిన చోటే మొలిచి ఉంటాడని ముగ్గురూ తేల్చుకుని, ఆ రాత్రి కడుపునిండా తిన్నారు.

శనివారానికి కాగితంలో ఒకే ఒక్క మాట మిగిలింది. రీచీ. "సిద్ధంగా ఉన్నానని పైకి చెప్పి, ముందర ఒక కర్ర పెట్టాలి. అప్పటినుంచి చేతిలో ఉన్నది మార్చకూడదు. కొత్తగా ఏది వచ్చినా పారెయ్యాలి."

చెంగల్రాయుడు ఆలోచించకుండా, "రీచీ! నేను సిద్ధం!" అనేశాడు. అప్పుడు వాడి కుడిచేతిలో చీపురు, ఎడమచేతిలో కాఫీ గ్లాసు ఉన్నాయి. దండెం కర్ర కాలితో జరిపి గుమ్మానికి అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. అంతే, ఇక చీపురు వదలడానికి లేదు, గ్లాసు దించడానికి లేదు.

పాలపాకెట్టు వచ్చింది. మోచేత్తో వీధిలోకి నెట్టేశాడు. పేపరు వచ్చింది, అదీ వీధిలోకే. గ్యాసు బండ వచ్చింది. దాన్ని కాలితో దొర్లిస్తే మాస్టారి గేటు దాకా పోయి ఆగింది. ఆయన ఒంటి చెప్పు వేసుకుని బయటికొచ్చి చూసి, లోపలికి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఫోన్ మోగింది. పెంచలమ్మ చేతులు పిండిలో ఉన్నాయి. మస్తానయ్య ఫోన్ తీసుకెళ్ళి అన్న చెవికి ఆనించాడు.

"చెంగల్రాయుడు గారూ, నేను దాక్షాయణిని. సారు రేపు సాయంత్రం కాదు, పొద్దున్నే..."

కొత్తగా వచ్చిందే కదా. తలతో ఒక్క తోపు తోశాడు. ఫోన్ వెళ్ళి వాకిట్లో బావిలో పడింది. రాత్రి నిద్రలో చీపురూ గ్లాసూ జారిపోయాక గానీ వాడు గుమ్మం వదల్లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదికి కారు ఆగింది. మోరివాకి సారు దిగాడు, వెనకే దాక్షాయణి. రాత్రంతా ప్రయాణం చేసిన మనిషి. నవ్వుతూ, "అమ్మా" అని పలకరించి, తువ్వాలు తీసుకుని సరాసరి స్నానాల గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. లోపల లైటు వెయ్యాల్సిన అవసరమే రాలేదు. నిద్రమత్తులో కళ్ళు మూసుకునే తల మీద నీళ్ళు పోసుకుని, సబ్బు రాసుకుని, మొహం తుడుచుకుని కళ్ళు తెరిస్తే ఎదురుగా బస్టాపు. అందులో పదకొండు మంది. వాళ్ళ బస్సు అప్పుడే వచ్చి పోయింది కానీ ఒక్కరూ ఎక్కినట్టు లేదు.

సారు తువ్వాలు చుట్టుకుని, ఒంటినిండా సబ్బుతో బయటికొచ్చాడు. ఆ మొహంలో అంత కోపం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

"వద్దు" అన్నాడు. "ఇల్లు వద్దు! చెన్నై!"

పెంచలమ్మ అక్కడే కూలబడింది. ఏమైందని దాక్షాయణి అడిగితే తమ్ముళ్ళిద్దరూ జరిగిందంతా గర్వంగా, ఒకటీ వదలకుండా చెప్పారు. గోడ సంగతి, మూడో చెప్పు సంగతి, చంద్రుడి సంగతి. దాక్షాయణి తల పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. సారుకి ఆమె ఏం చెప్పిందో, ఎంత చెప్పిందో తెలియదు. ఆయన మూటాముల్లె సర్దడం మాత్రం ఆపలేదు.

"సారూ" అంది పెంచలమ్మ. "ఒక్క ఆట ఆడి పొండి. ఎనిమిది దినాలు అదే పనిగా నేర్చుకున్నాం. ఒక్క ఆట."

దాక్షాయణి ఆ మాట జపానులో చెప్పింది. సారు పెట్టె మూత మీద చెయ్యి పెట్టి ఆగిపోయాడు. ఎదురుగా ముగ్గురు. తనతో నలుగురు. ఎన్ని నెలలైంది నలుగురు కూర్చుని! ఆయన బల్ల లాగి, డబ్బా తెరిచాడు.

లోపల బిస్కెట్ల కన్నా చిన్నగా, తెల్లగా, బొమ్మలు చెక్కిన ముక్కలు. నూట ముప్పయ్యారు.

"ఇవా ఇటుకలు!" అన్నాడు మస్తానయ్య. "ఇంత చిన్నవని ముందే చెప్పుంటే మాస్టారి గులాబీ బతికేది గదక్కా."

సారు చూపించాడు, దాక్షాయణి చెప్పింది. ఎంత చెప్తే అంత. ఒకటి తియ్యమంటే ఒకటే తీశారు. ముట్టుకోవద్దంటే చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నారు. ఆటలో మొండితనం, అతితెలివి చూపేవాళ్ళనే ఇంతకాలం చూసిన సారుకి వీళ్ళని చూస్తే నమ్మబుద్ధి కాలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. కోపం ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. పెంచలమ్మ మధ్యలో లేచి, వంటింట్లో పొయ్యి మీద అన్నం పడేసి మళ్ళీ వచ్చి కూర్చుంది.

అప్పుడే చెంగల్రాయుడు ఒక ముక్క పారేశాడు. పెంచలమ్మకి కావాల్సింది సరిగ్గా అదే. "గెలిచినా!" అని గంతేసింది.

సారు తల అడ్డంగా ఊపి, ఆమె అంతకుముందు పారేసిన ముక్కల్లో ఒకదాన్ని వేలితో చూపించాడు. "ఫురితెన్."

దాక్షాయణి చెప్పింది. "ఈ ముక్క మీరు ఇందాక ఒకసారి వద్దని పారేశారు పెంచలమ్మ గారూ. వద్దని పారేసిన దాన్ని మళ్ళీ ఇంకొకరి దగ్గర తీసుకుని గెలవకూడదంట."

పెంచలమ్మ నోటిదాకా వచ్చిన గెలుపు పోయింది. అయినా ముక్కలు బోర్లా పెట్టేసింది. "న్యాయమే గదా తల్లీ. వద్దనుకున్నాక వద్దే" అంది.

ఆ మాట విని సారు నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. గోడ, చెప్పు, చంద్రుడు అన్నీ అప్పుడు గుర్తొచ్చాయేమో, బల్ల మీద తల పెట్టి, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. తర్వాత రెండు చేతులూ ఎత్తి, "చెన్నై వద్దు! ఇల్లు బాగుంది. అమ్మా, అన్నం బాగుంది!" అన్నాడు.

"ఇక్కడే ఉండిపోతారంట. స్నానాల గదికి గోడ కట్టిస్తే చాలంట" అంది దాక్షాయణి. ఆమె గొంతులోనూ సంతోషమే.

పెంచలమ్మ రెండు చేతులూ జోడించింది. నాయుడుపేట, తోడికోడలు మొహం, అడుక్కుని తాగాల్సిన కాఫీ, అన్నీ ఆమె గుండెల మీదనుంచి దిగిపోయాయి. అంత సంతోషం ఆమెకి మొగుడు పోయాక ఇదే మొదలు.

"అక్కా, ఆగు" అన్నాడు మస్తానయ్య.

అందరూ వాడివైపు చూశారు.

"పొద్దున సారు ఈ ఇల్లు వద్దన్నాడు గదా. పారేసినట్టే గదా."

"అవును" అన్నాడు చెంగల్రాయుడు. "నేనూ విన్నా. రెండుసార్లు అన్నాడు."

"వద్దన్న దాన్ని మళ్ళా ఎట్ట తీసుకుంటాడు?"

దాక్షాయణికి ముందు నవ్వొచ్చింది. వాళ్ళ మొహాలు చూశాక ఆ నవ్వు పోయింది. "అయ్యో, అది ఆటలో అండీ! ఇది ఇల్లు!"

"ఆట కోసమే గదమ్మా ఆయన ఈడుండేది" అన్నాడు మస్తానయ్య.

అందరూ పెంచలమ్మని చూశారు. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. "నాకు మాత్రం మీరు ఉండాలని లేదా సారూ? నా ప్రాణం పోతుండాది. కానీ ఇందాక నేను నోరు మూసుకుని ముక్కలు బోర్లించలేదా? నాకో న్యాయం, మీకో న్యాయమా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ ఇంట్లో ఒకసారి న్యాయం తేలిందంటే ఇక ఆలస్యం ఉండదు. చెంగల్రాయుడు పెట్టె ఎత్తాడు. మస్తానయ్య పరుపు చుట్టాడు. పెంచలమ్మ ఏడుస్తూనే, దారిలో తినమని ఆవకాయ సీసా కట్టి, సారు గొడుగు పట్టుకుంది. ముగ్గురూ వరసగా బయటికి నడిచి, సామానంతా కారులో సర్దారు. వాళ్ళని ఆపడానికి దాక్షాయణి వెంట పరిగెత్తింది. సారుకి మాత్రం ఇదేదీ తలకెక్కలేదు. గది మారుస్తున్నారనుకున్నాడో ఏమో, బల్ల దగ్గరే కూర్చుని, రెండో ఆటకి ముక్కలు ముచ్చటగా పేరుస్తూ, "అమ్మా!" అని కేకేశాడు.

"సారు రావడం లేదే. పిలుచుకొస్తా ఉండు" అని పెంచలమ్మ గుమ్మం వైపు అడుగేసింది.

చెంగల్రాయుడు ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "అక్కా! మనం ముగ్గురం ఇల్లు వదిలేసి బయటికి వచ్చేసినాం."

పెంచలమ్మ గుమ్మాన్ని చూసింది. తన కాళ్ళని చూసుకుంది. కాళ్ళు నిజంగానే బయటున్నాయి.

"అది మీ ఇల్లు! మీ ఇంట్లోకి మీరు పోవడానికేమండీ?" అని దాక్షాయణి దాదాపు ఏడ్చింది.

"మా ఇల్లే తల్లీ. మేమే వదిలేసినాం" అంది పెంచలమ్మ. "సారుకి చెప్పిన న్యాయం మేం తప్పితే ఎట్ట?"

లోపల్నుంచి అన్నం మాడుతున్న వాసన వచ్చింది. పెంచలమ్మకి ఎంత న్యాయం ఉన్నా అన్నం మాడితే మాత్రం ప్రాణం ఒప్పదు. గుమ్మం ఇవతలే నిలబడి, "సారూ! అన్నం! అన్నం!" అని అరిచింది.

తెలుగులో ఆయనకి బాగా వచ్చిన మాట అదే. సంతోషంగా లేచాడు. వంటింట్లోకి పోయి, పొయ్యి కట్టేసి, కంచంలో వడ్డించుకుని, రసం గిన్నెతో సహా బల్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక ముద్ద తిని, గుమ్మంవైపు చూసి, "బాగుంది!" అన్నాడు.

"సారు తింటుండాడక్కా. పోయేట్టు లేడు" అన్నాడు మస్తానయ్య.

"పోతాడా మరి? ఆయన గడప దాటలా. నోటితో వద్దన్నాడు గానీ కాలితో వదల్లా" అన్నాడు చెంగల్రాయుడు.

అంతే, పెంచలమ్మ మొహం వెలిగిపోయింది. సారు ఉండిపోయాడు! మెస్సు నిలబడింది! ఎనిమిది రోజుల కష్టం ఊరికే పోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, "జాగ్రత్త సారూ, ఇంకొంచెం వేసుకోండి" అని వాకిట్లోంచే కేకేసి, ఇద్దరు తమ్ముళ్ళనీ వెంటబెట్టుకుని, గర్వంగా తలెత్తుకుని నాయుడుపేట బస్సెక్కింది.